మాటకు అంటు

ఉదయం ఆరున్నరకల్లా లక్ష్మీదుర్గ గుమ్మం పక్కనున్న మాట మొక్కకి చెంబుడు నీళ్లు పోస్తుంది. మొగుడి చేతికి టీ గ్లాసు ఇచ్చి, క్యారేజీ పట్టుకుని, ఇంటిముందు పంట కాలవకి అడ్డంగా వేసిన తాడి దూలం దాటి నర్సరీలో పనికి వెళ్తుంది. దూలం మీద పదకొండు అడుగులు. ఇరవై రెండేళ్లుగా దాటుతోంది కనుక కుచ్చిళ్లు కూడా ఎత్తి పట్టుకోదు, వెనక్కి తిరిగి చూడదు.

చూసేది వీరబాబు. ఆవిడ అవతలి గట్టు మీద కాలు పెట్టేదాకా అరుగు మీంచి చూసి, అప్పుడు టీ తాగుతాడు. అప్పటికి టీ సగం చల్లారిపోయి ఉంటుంది.

మూడేళ్ల కిందట వీరబాబు ఆ దూలం మీంచే జారాడు. కాలవలో నీళ్లుంటే ఈదుకుని వచ్చేసేవాడే. కానీ అది వేసవి, మరమ్మతులకని కాలవలు కట్టేసిన రోజులు. అడుగున రాళ్లు తప్ప ఏమీ లేవు. తుంటి ఎముక విరిగింది. రాజమండ్రిలో ఆపరేషన్ చేయించి నులకమంచం మీద మోసుకొచ్చి అరుగు మీద దించారు. కర్ర పట్టుకుని ఇంటి చుట్టూ నడుస్తాడు గానీ దూలం ఎక్కలేడు. లాకుల దగ్గర వంతెన ఉంది, కానీ గట్టు వెంట మూడు కిలోమీటర్ల బురద. పోనీ మేం మోస్తామని పక్కవాళ్లంటే, "ఇంక మోయించుకుంటే ఒక్కసారే మోయించుకుంటాను" అంటాడు.

కడియం చుట్టుపక్కల మామిడి అంటు కట్టడంలో వీరబాబుని మించినవాడు లేడు. నూరు కడితే తొంభై ఆరు బతికేవి. నర్సరీ యజమాని అచ్చిబాబు గారు ఆ గౌరవంతోనే షెడ్డులో వీరబాబు కూర్చునే గోనెపట్టా మూడేళ్లుగా ఎవరికీ ఇవ్వలేదు. ఇంటికి పని పంపమంటే అయ్యే పని కాదు. తల్లిచెట్లు అక్కడున్నాయి మరి.

ఇక మాట మొక్క సంగతి. ఆ ఊళ్లో పంచాయతీ సంగతుల్లో ఎవరైనా మన గుమ్మంలో నిలబడి మాట ఇస్తే, మూడో రోజుకి గుమ్మం పక్కన మొక్క లేస్తుంది. ఏ ఆకు చూపించినా పేరు చెప్పేసే నర్సరీ జనానికి కూడా దీని పేరు తెలీదు. అందుకని మాట మొక్క అంటారు. ఎన్నికల నెలలో ఊరు ఊరంతా పచ్చగా ఉంటుంది. ఫలితాలు రాగానే ఓడినవాళ్ల మొక్కలు వాడిపోతాయి, అది న్యాయమే. గెలిచినవాళ్లవి ఇంకొన్నాళ్లు నిలిచి, అవీ ఎండిపోతాయి. అవి పొయ్యిలోకి పనికొస్తాయి గానీ పొగ ఎక్కువని పక్కింటి పాపాయమ్మ చెబుతుంది. ఆవిడ నలుగురు ప్రెసిడెంట్ల మాటల మీద అన్నం వండింది.

కిందటేడు గెలిచిన ప్రెసిడెంటు హేమశ్రీ. ముప్పై దాటలేదు, డిగ్రీ చదివింది, పెద్ద రైతు కుటుంబం కోడలు. సీటు ఆడవాళ్లకి వచ్చింది కాబట్టి కుర్చీలో మొగుడే కూర్చుంటాడని ఊరు నవ్వుకుంది. ఆవిడే కూర్చుంది. ప్రచారానికి వచ్చినప్పుడు మిగతా అభ్యర్థులు కాలవ అవతల నిలబడే దణ్ణాలు పెట్టి పోతే, ఈవిడొక్కతే దూలం ఎక్కింది. మధ్యలో కిందికి చూసి ఆగిపోతే వీరబాబు అరుగు మీంచి కేకేశాడు.

"కాళ్లకేసి చూడకండమ్మా. ఎదర గట్టు చూడండి, అదే వచ్చేస్తుంది."

గట్టు చేరి, గుమ్మంలో నిలబడి హేమశ్రీ అంది, "బాబాయ్ గారూ, మీరు నడిచి వెళ్లేలాగ ఇక్కడ వంతెన వేయిస్తాను."

మూడో రోజుకి మొక్క లేచింది. లక్ష్మీదుర్గ ఓటేసింది. ఆ ఓటులో తనకంటూ ఏమీ అడుక్కోలేదు, వీరబాబు మళ్లీ ఆ గోనెపట్టా మీద కూర్చుంటే చాలనుకుంది.

తొలి వేసవి కాలవ కట్టేశారు, మళ్లీ నీళ్లు వదిలేశారు. వంతెన రాలేదు. కాలవ ఎండి ఉన్న ఆ నెలన్నరలోనే ఏ పనైనా జరగాలి. దాటితే మళ్లీ ఏడాదే. కొత్తగా వచ్చింది కదా, కుదురుకోవాలి కదా అని లక్ష్మీదుర్గ సర్దుకుంది. పాపాయమ్మ సర్దుకోలేదు. ఆవిడకి ఇచ్చిన మాట కుళాయి. వేరు పట్టిందో లేదో చూద్దామని ఒకరోజు మొక్కని పీకేసింది. తెల్లటి వేరు జానెడు పొడుగున దిగి ఉంది. మళ్లీ పాతింది గానీ బతకలేదు, కుళాయీ రాలేదు. ముప్పై ఏళ్లు నర్సరీలో చేసిన మనిషి చెయ్యవలసిన పనేనా అది? పిల్ల అంటు కట్టు విప్పి చూడకూడదని పసిపిల్లలకి కూడా తెలుసు ఆ ఊళ్లో.

మాఘమాసంలో లక్ష్మీదుర్గ మొక్క ఆకులు కూడా పసుపు తిరిగాయి. అదే వారం అచ్చిబాబు గారు ఆవిణ్ణి పక్కకి పిలిచారు.

"వీరబాబు కోసం ఎంతకాలమైనా ఆగుదునమ్మా. కానీ ఆర్డర్లు ఆగవు కదా. ఈ వేసవి దాటితే ఆ చోటు ఇంకొకరికి ఇవ్వాలి, తప్పదు."

ఇంటికొచ్చి చెబితే వీరబాబు కర్ర తీసి పక్కన పెట్టాడు. తర్వాత మొక్కకేసి చూసి, "పీకెయ్యి. రోజూ దాన్ని చూస్తూ కూర్చోలేను" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. ఉంటే ఆవిడకి అంత భయం వేసేది కాదు.

ఆదివారం నాడు ప్రెసిడెంటు గారింటికి దెబ్బలాడ్డానికే వెళ్లింది లక్ష్మీదుర్గ. దారిపొడుగునా మాటలు కూర్చుకుంది. హేమశ్రీ వసారాలో కాగితాలు ముందేసుకుని ఉంది. కళ్ల కింద నలుపు, జుట్టు దువ్వుకున్నట్టు లేదు.

"కాలవ పంచాయతీది కాదండి, కాలవల ఆఫీసుది. వాళ్ల సంతకం లేందే ఒక్క ఇటుక పెట్టనివ్వరు" అంది హేమశ్రీ, లక్ష్మీదుర్గ నోరు విప్పకముందే. "ఎనిమిదిసార్లు వెళ్లాను. ప్రతిసారీ 'మీవారిని పంపండమ్మా' అంటారు. మొత్తం నూట పద్నాలుగు గుమ్మాల్లో మాటిచ్చాను. ఎన్ని ఎండిపోయాయో లెక్కపెట్టడం మానేశాను."

లక్ష్మీదుర్గకి ఆ పిల్ల మీద జాలేసింది. తన చేతి పని తనకి తెలుసు గనుక సంగతి అర్థమైంది. కొమ్మ మంచిదే, వేరు చాలడం లేదు. అలాంటప్పుడు కొమ్మని తిట్టి ఏం లాభం? పక్కనే గట్టి వేరున్న మొక్క పెట్టి అంటు కడతారు.

లేచి, వెళ్లబోతూ గుమ్మంలో ఆగింది. "ఆ ఆఫీసులో ప్రతి సోమవారం అర్జీలు తీసుకుంటారు కదండీ. పని అయ్యేదాకా మీతో పాటు నేనూ వస్తాను. మొదలుపెట్టాక ఒక్క వారం కూడా మానను."

మూడో రోజున హేమశ్రీ ఫోన్ చేసింది. "అక్కా, మా గుమ్మం పక్కన ఏదో లేచిందండి."

ఓటరు ప్రెసిడెంటుకి మాటివ్వడం ఆ ఊళ్లో అదే మొదలు. అందుకే ఎవరూ అలాంటిది చూడలేదు. లక్ష్మీదుర్గకి ఆశ్చర్యమేమీ వెయ్యలేదు. "పెన్సిలు లావు అవ్వనివ్వండి. అప్పుడు మట్టితో సహా కవరులో పెట్టుకుని మీరే తీసుకురండి. ఇంకొకరి చెయ్యి పడితే వాడిపోద్ది."

పదిరోజులకి ప్రెసిడెంటు గారు నల్ల కవరులో మొక్కతో కాలవ ఒడ్డుకి వచ్చింది. రెండు చేతులూ మొక్కకే చాలవు, ఇక దూలం ఎలా దాటుతుంది? అటూ ఇటూ చూసి, కాళ్లు చెరోవైపు వేసి దూలం మీద కూర్చుని, మొక్కని ఒళ్లో పెట్టుకుని జరుక్కుంటూ బయల్దేరింది. పాపాయమ్మ వచ్చే నవ్వుని కొంగుతో అదుముకుంది.

"గట్టు చూడండమ్మా" అన్నాడు వీరబాబు అరుగు మీంచి.

రెండు మొక్కల్నీ పక్కపక్కన పెట్టి లక్ష్మీదుర్గ చాకు తీసింది. వీరబాబు కర్ర గోడకి ఆనించి చెయ్యి చాపాడు. "నువ్వు కాదు. ఇలా తే."

మూడేళ్ల తర్వాత పట్టుకున్న చాకు. రెండు కాండాల మీదా బొటనవేలంత మేర బెరడు చెక్కి, పచ్చి పచ్చి కలిసేలా ఆనించి, ప్లాస్టిక్ పట్టీ చుట్టాడు. ముడి వేసి, చాకు మడిచి ఆవిడకి ఇచ్చేశాడు. "నలభై రోజులు. ఎవరూ ముట్టుకోకండి" అన్నాడు.

తర్వాతి సోమవారం రాజమండ్రిలో కాలవల ఆఫీసుకి ఇద్దరూ కలిసి వెళ్లారు. గుమస్తా హేమశ్రీని చూసి మామూలు మాట అనబోయి, పక్కన క్యారేజీతో కూర్చున్న మనిషిని చూశాడు.

"మీరెవరమ్మా?"

"ఓటేసినదాన్నండి."

"మీకేం పని ఇక్కడ?"

"ఈవిడ పని అయ్యేదాకా కూర్చోడమేనండి."

కూర్చుంది. రెండో సోమవారం కూర్చుంది. మూడో సోమవారం పాపాయమ్మ కూడా వచ్చి పక్కన చేరింది. పోయిందని చెప్పిన ఫైలు నాలుగో వారం దొరికింది, ఆరో వారం పై అధికారి దగ్గరికి వెళ్లింది. ప్రతి సోమవారం సాయంత్రం ఇంటికి వచ్చి చూస్తే మొక్కకి కొత్త ఆకు ఉండేది, ఎర్రగా, లేతగా. వీరబాబు దాని సంగతి మాట్లాడేవాడు కాదు గానీ, మధ్యాహ్నం ఎండపడితే తన తువ్వాలు దానిమీద కప్పేవాడు. పదకొండో సోమవారం సంతకం అయింది. పన్నెండో సోమవారానికి కాలవ కట్టేశారు.

వంతెన గొప్పదేమీ కాదు. నాలుగు సిమెంటు తూములు, వాటి మీద పలక, పట్టుకోడానికి ఒకపక్కే కమ్మీ. రెండోపక్క కమ్మీ వచ్చే ఏడు వేయిస్తానని హేమశ్రీ అనబోయి, తను నిలబడింది గుమ్మంలో అని గుర్తొచ్చి నోరు మూసుకుంది. అందరూ నవ్వారు, ఆవిడా నవ్వింది.

అంటు కలిసింది. పద్ధతి ప్రకారం అయితే కలిశాక ఒక వేరు కోసేయాలి. వీరబాబు చాకు తీసి, కాసేపు చూసి, మూసేశాడు. "రెండూ ఉండనీ" అన్నాడు.

కాలవకి నీళ్లు వదిలిన మర్నాడు పొద్దున్న లక్ష్మీదుర్గ మొక్కకి నీళ్లు పోసి, రెండు క్యారేజీలు పట్టుకుని ముందు వంతెన దాటింది. దాటి, ఇరవై రెండేళ్లలో మొదటిసారి వెనక్కి తిరిగి నిలబడింది. వీరబాబు కర్ర ఊతంగా వస్తున్నాడు. తను పడ్డచోట ఒక్కక్షణం ఆగాడు. కిందికి చూడలేదు. ఎదర గట్టు చూశాడు, గట్టు మీదున్న ఆవిణ్ణి చూశాడు. ఆవిడకి ఏడుపొచ్చింది. రెండు చేతుల్లోనూ క్యారేజీలు ఉండటంతో తుడుచుకోలేకపోయింది.

వీరబాబు గట్టు మీద కాలు పెట్టి, ఆవిడ చేతిలోంచి తన క్యారేజీ తీసుకున్నాడు.

"పద, ఆరున్నర దాటింది" అన్నాడు.