పౌనే దో

సీతాఫల్‌మండి సర్కారు హైస్కూల్లో పదో తరగతి పిల్లలు కాలేజీ చదువుకు పనికొస్తారో లేదో తేల్చడానికి సెప్టెంబరులో ఒక ట్యాబు వచ్చింది. దాన్ని పట్టుకోవడానికి ఒక మనిషి కూడా వచ్చాడు గానీ, తీర్పు చెప్పేది మాత్రం ట్యాబే. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు. నాలుగు నిమిషాల్లో స్టాఫ్‌రూములో చాయ్ కూడా మరగదు. పదేళ్లపాటు బెంచీల మీద కూర్చుని చదివిన చదువును తూచడానికి జిల్లా ఆఫీసుకు మాత్రం ఆ కాస్త సమయం చాలునట. ఈ పనికి 'కాలేజీ సంసిద్ధత సర్వే' అని పేరు పెట్టారు.

లెక్కల టీచరు సుకన్య తన ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇలాంటివి చాలా చూసింది. ఆఫీసరు మారినప్పుడల్లా కొలబద్ద మారుతుంది. ఒక ఏడాది పిల్లలకు రంగులిచ్చారు. ఇంకో ఏడాది నక్షత్రాలిచ్చారు. ఈసారి రెండే మాటలు, 'సిద్ధం', 'సిద్ధం కాదు'. ఎప్పటిలాగే ఇదీ ఏదో ఫైల్లో పడి ఉంటుందనుకుని ఆమె పెద్దగా పట్టించుకోలేదు. కానీ ఈసారి దానికి ఒక కొత్త షరతు తగిలించారు. ఊరి బయట ఉన్న ఆడపిల్లల రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ ప్రవేశ పరీక్షకు 'సిద్ధం' అని వచ్చిన వాళ్లకే ఫారం ఇస్తారు. తిండి, హాస్టలు, చదువు అన్నీ ఉచితంగా దొరికే కాలేజీ అది. ఈ బడి పిల్లలకు లెక్కలు బాగా చెప్పే కాలేజీ అంటే అదొక్కటే.

వారం తర్వాత జాబితా వచ్చింది. నలభై ఒక్క మందిలో పదిహేను మంది 'సిద్ధం కాదు'. ఆ పదిహేనులో అఫ్రీన్ పేరు కనిపించేసరికి సుకన్య కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది. క్లాసులో ఆమె బోర్డు మీద లెక్క రాసి సుద్దముక్క కింద పెట్టేలోపు జవాబు చెప్పే పిల్ల అఫ్రీన్. పోయిన వారం సుకన్య ఒక లెక్కలో మైనస్ గుర్తు మర్చిపోతే, అందరి ముందూ అనకుండా, బెల్లు కొట్టాక దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది కూడా.

ఇంటర్వెల్‌లో ఆ పిల్లను వరండాలోకి పిలిచింది.

"ఆ సార్ ఏమడిగిండు బిడ్డా?"

"ఏడు మీటర్ల బట్టను నాలుగు సమానం ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఎంత అని అడిగిండు మేడమ్."

"నువ్వేం చెప్పినవ్?"

"పౌనే దో అని చెప్పిన."

"తర్వాత?"

"అయిపోయింది పొమ్మన్నడు. ఇంకేం అడగలే."

సుకన్యకు సంగతి సగం అర్థమైంది. అఫ్రీన్ నాన్న ముజీబ్ దర్జీ. ఆ పిల్ల అంకెలు నేర్చుకున్నది బడిలో కాదు, వాళ్ల షాపులో బట్ట కోసే బల్ల పక్కన నిలబడి. ఒకటీ పావు అంటే సవా, ఒకటిన్నర అంటే డేఢ్, రెండున్నర అంటే ఢాయి. రెండుకు పావు తక్కువైతే పౌనే దో. ఏడును నాలుగు భాగాలు చేస్తే వచ్చేది కచ్చితంగా అదే, ఒకటీ ముప్పావు. సికింద్రాబాదులో ఏ కూరగాయల బండి దగ్గర నిలబడినా, ఏ ఆటో ఎక్కినా వినబడే మాట. ఇందులో తప్పెక్కడుంది?

ట్యాబు మనిషి ఇంకా బడిలోనే ఉన్నాడు, తొమ్మిదో తరగతి వాళ్లకు వేరే సర్వే చేస్తున్నాడు. పేరు ఆషర్. గోదావరి జిల్లాల నుంచి వచ్చి నాలుగు నెలలైంది, బేగంపేటలో ఏదో కంపెనీ కాంట్రాక్టు. మంచి కుర్రాడే. సుకన్య అడగ్గానే లేచి నిలబడ్డాడు.

"రెండు అని చెప్పిందండీ మేడమ్ గారూ. దో అంటే రెండే కదండీ."

"దో కంటే ముందు ఏమన్నది?"

ఆషర్ తల గోక్కున్నాడు. "అవునే అందండీ. 'అవునే, దో' అని. నన్ను పట్టుకుని అవునే అంటుందేంటని కొంచెం చిరాకు కూడా వేసింది."

సుకన్యకు నవ్వు రాబోయి మధ్యలోనే ఆగిపోయింది. "అవునే కాదు నాయనా, పౌనే. పౌనే అంటే పావు తక్కువ. ఆ పిల్ల ఒకటీ ముప్పావు అని చెప్పింది."

ఆషర్ ట్యాబు తెరిచి చూసుకున్నాడు. మొదటి ప్రశ్న తప్పిందని నొక్కితే ట్యాబు మిగతా ప్రశ్నలు చూపించదని, దానంతటదే 'సిద్ధం కాదు' అని రాసేసుకుంటుందని అప్పుడు చెప్పాడు. వెనక్కి వెళ్లి దిద్దడానికి తనకు వీల్లేదట. కానీ పాపం, ఒక తెల్లకాగితం తీసుకుని, పొరపాటు తనదేనని రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. ఈ కథ మొత్తంలో తప్పు నాదే అని అన్నవాడు ఆ కుర్రాడొక్కడే.

ఆ కాగితం పట్టుకుని సుకన్య హెడ్మాస్టరు బ్రహ్మచారి సారు గదిలోకి వెళ్లింది. ఆయన చదివి, మడిచి, పేపర్‌వెయిట్ కింద పెట్టాడు.

"మేడమ్, జెర కూసోండ్రి. మీరు లెక్కల టీచర్, మీకు నేను లెక్క చెప్పాల్నా? ఇప్పుడు పదిహేను మంది సిద్ధం కాదు. జనవరిల మల్ల టెస్టు పెడ్తరు. గప్పుడు ఇందుల పది మంది సిద్ధం అయితే మన బడి పెరిగినట్టు. ఇప్పుడే అందరు సిద్ధమని రాస్తే పెరిగేదేడ ఉన్నది?"

"అఫ్రీన్ ఫారం సంగతేంది సార్? జనవరి వరకు గడువే ఉండది."

"పోయినేడు మన బడి పెరగలేదని నాకు మెమో ఇచ్చిండ్రు మేడమ్. రిటైర్మెంట్ ముంగట ఇంకో మెమో నేను తట్టుకోలేను. జనవరిల అందరికంటె ముందు గా పిల్లనే పాస్ అయితది. మీరు పరేషాన్ కాకండ్రి."

సుకన్య ఒళ్లు మండిపోయింది. లెక్కలు వచ్చిన పిల్లను రానట్టు చూపించి, నాలుగు నెలల తర్వాత వచ్చినట్టు చూపించి, ఆ తేడాకు చదువు అని పేరు పెట్టుకుంటున్నారు. ఈ లెక్క ఏ పుస్తకంలోనూ లేదు. ఇరవై రెండేళ్లుగా తాను చెప్పిన లెక్కలన్నీ ఎవరి కోసం చెప్పానా అనిపించింది ఆమెకు.

సాయంత్రం ముజీబ్ షాపుకు వెళ్లింది. రెండు మిషన్లు, ఒక బల్ల, గోడంతా కాగితపు కొలతలు. అఫ్రీన్ మూలన ఇస్త్రీ చేస్తూ తల ఎత్తలేదు. ముజీబ్ లేచి స్టూలు తుడిచి వేశాడు. మెడలో టేపు వేలాడుతోంది. 'సిద్ధం కాదు' అని అచ్చువేసిన కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి సొరుగులో దాచి ఉంచాడు. దాన్ని తీసి రెండు చేతులతో చూపించాడు.

"పొరపాటయింది ముజీబ్ భాయ్. మీ బిడ్డ జవాబు కరెక్టే చెప్పింది."

"ఆఫీసరు దస్తఖత్ ఉన్నది కద మేడమ్. మొహర్ ముద్ర సుత ఉన్నది. నేను ఏడో తరగతి చదివినోణ్ని. అంత పెద్దోళ్లు టెస్ట్ చేసి చెప్పినంక నేనేమంట? ఇంటర్ల లెక్కలు పిల్లకు తక్లీఫ్ అయితదేమో, ఏదన్న చిన్న కోర్సు చూద్దమనుకుంటున్నం."

"ఆమెకు లెక్కలు తక్లీఫా? ఈ షాపుల బట్ట లెక్క కట్టేదెవరు?"

"ఆమెనే," అన్నాడు ముజీబ్. కానీ అతని చూపు మళ్లీ ఆ సంతకం మీదికే వెళ్లింది. తన బల్ల మీద రోజూ తన కళ్లతో చూసేదాని కంటే, ఎప్పుడూ చూడని ఆఫీసరు రాసినదే నిజమని నమ్ముతున్నాడు ఆ మనిషి. సుకన్యకు ఆ కాగితాన్ని అక్కడికక్కడ చింపి పారేయాలనిపించింది. తనది కాని కాగితం కాబట్టి చింపలేదు.

జిల్లా ఆఫీసుకు మూడుసార్లు వెళ్లింది. మొదటిసారి ఆఫీసరు రాఘవేందర్ మీటింగులో ఉన్నాడు. రెండోసారి హెడ్మాస్టరు సంతకం లేకుండా అర్జీ తీసుకోబోమన్నారు. బ్రహ్మచారి చేత సంతకం పెట్టించేసరికి మూడు వారాలు పట్టింది, అది కూడా ఆమె స్టాఫ్‌రూములో అందరూ వినేలా గొంతు పెంచితే. మూడోసారి వెళ్లింది ఫారాల గడువు చివరి రోజున. రాఘవేందర్ ఆషర్ రాసిచ్చిన కాగితం చూశాడు, మర్యాదగానే మాట్లాడాడు.

"మీ బాధ నాకు సమజైతుంది మేడమ్. కని పోర్టల్ లాక్ అయింది."

"లాక్ వేసింది మీరే కద సార్."

"సిస్టం మేడమ్. ఒక్కరికి తెరిస్తే అందరికీ తెరవాలె. జనవరిల మల్ల చాన్స్ ఉంటది కద."

మల్కాజ్‌గిరి బస్సులో ఇంటికి వెళుతున్నంతసేపూ సుకన్య పళ్లు నూరుకుంటూనే ఉంది.

జనవరిలో మళ్లీ ట్యాబు వచ్చింది. ఈసారి పట్టుకొచ్చింది ఆషర్ కాదు, వేరే అమ్మాయి. ముందురోజు సుకన్య అఫ్రీన్‌ను కూర్చోబెట్టి, పౌనే, సవా అనొద్దు, 'ఒకటి పాయింట్ ఏడు అయిదు' అని విడివిడిగా చెప్పు అని నేర్పింది. నేర్పుతుంటే తన మీద తనకే అసహ్యం వేసింది. పిల్లకు లెక్క నేర్పడం కాదది, సొంత మాట దాచుకోవడం నేర్పడం. అఫ్రీన్ తలూపింది. మర్నాడు అదే ప్రశ్న వచ్చింది, నేర్పినట్టే చెప్పింది. తర్వాతి పదకొండు ప్రశ్నలకూ చెప్పింది. ట్యాబు ఆకుపచ్చగా వెలిగింది.

పదిహేను మందిలో పన్నెండు మంది 'సిద్ధం' అయ్యారు. జిల్లాలోనే అన్నిటికంటే ఎక్కువ పెరిగిన బడి అన్నారు. బడి ఆవరణలో టెంటు వేశారు, తల్లిదండ్రులను పిలిచారు, కెమెరా వచ్చింది. అందరికంటే ఎక్కువ ఎదిగిన పిల్ల అఫ్రీన్ అని తేలింది. సున్నా నుంచి పన్నెండు. స్టేజి మీద ఆమె ధన్యవాదాలు చెప్పాలట. ఆ ప్రసంగం రాసివ్వమని బ్రహ్మచారి సుకన్యకే చెప్పాడు. ఆమె రాయలేదు. ఖాళీ కాగితం మడిచి అఫ్రీన్ చేతిలో పెట్టి, "నీకు తోచింది చెప్పు బిడ్డా," అంది.

రాఘవేందర్ ఆలస్యంగా వచ్చాడు. వస్తూనే మైకు అందుకున్నాడు.

"పౌనే బారాకే షురూ చేద్దమనుకున్నం. బేగంపేట కాడ ట్రాఫిక్‌ల ఇరుక్కున్న, జెర మాఫ్ చెయ్యిండ్రి."

సుకన్య కుర్చీలో నిటారుగా కూర్చుంది. తన చెవులను తానే నమ్మలేకపోయింది.

ఆయన సర్వే గురించి చాలాసేపు మాట్లాడి, సర్టిఫికెట్ చేతిలో పట్టుకుని, "ఈ నాలుగు నెలల్ల ఏం నేర్చుకున్నవో అందరికీ చెప్పు బిడ్డా," అని మైకు అఫ్రీన్‌కు ఇచ్చాడు.

అఫ్రీన్ కాగితం విప్పలేదు.

"సార్, మీరు ఇప్పుడు పౌనే బారా అన్నరు. అంటే పదకొండు నలభై అయిదు. ఇక్కడ అందరికీ సమజైంది. సెప్టెంబర్‌ల నేను పౌనే దో అన్న. గది సుత కరెక్టే. నన్ను సిద్ధం కాదన్నరు." ఆ పిల్ల రాఘవేందర్ వైపు తిరిగింది. "నేను నాలుగు నెలల్ల కొత్తగ ఏం నేర్చుకోలే సార్. గదే జవాబు ఇంకో తీరు చెప్పుడు నేర్చుకున్న. గీ సర్టిఫికెట్ నాకొద్దు. ఫారం ఇయ్యిండ్రి."

టెంటు కింద ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బ్రహ్మచారి నేల చూపులు చూశాడు. రాఘవేందర్ నవ్వబోయి, "ఫారం గడువు నవంబర్‌లనే అయిపోయింది కదమ్మా, మంచిగ చదువుకో, ఇంకో కాలేజీ దొరుకుతది," అంటూ కెమెరా వైపు తిరిగి సర్టిఫికెట్ ముందుకు చాపాడు. అఫ్రీన్ చేతులు రెండూ కిందికే ఉన్నాయి.

అప్పుడు చివరి వరుసలోంచి ముజీబ్ లేచాడు. షాపు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, మెడలో టేపు అలాగే ఉంది. కుర్చీల మధ్య నుంచి నడుచుకుంటూ స్టేజి ఎక్కాడు. చొక్కాలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. లోపలి కాగితాన్ని జాగ్రత్తగా విప్పి, రాఘవేందర్ చేతిలో ఉన్న సర్టిఫికెట్‌కు ఎదురుగా, ఆయన ముందున్న బల్ల మీద పరిచాడు. బట్ట పరిచినట్టే అరచేత్తో మడతలు తీశాడు.

"సార్, నేను ఎక్కువ చదువుకోలే. కాగితం మీద ఏముంటే గదే నమ్మినోణ్ని. గీ కాగితం చూసి నా బిడ్డకు లెక్కలొద్దన్న. నా నోటితోనే అన్న." ముజీబ్ సర్టిఫికెట్ వైపు వేలు చూపించాడు. "ఇప్పుడు మీరు ఇంకో కాగితం ఇస్తున్నరు. రెండిట్ల ఏది నిజమో జెర మీరే చెప్పుండ్రి. అబద్ధం ఉన్నదాన్ని మీరే కొట్టేసి, కింద మల్ల దస్తఖత్ పెట్టుండ్రి. ఫారం ఇచ్చేదాక నేను ఈడనే ఉంట."

కెమెరా అబ్బాయి ఫోటో తీయాలో వద్దో తెలియక నిలబడిపోయాడు. సుకన్య కుర్చీలోంచి లేచి, తన సంచిలోని ఎర్ర పెన్ను మూత తీసి, రాఘవేందర్ ముందు పెట్టింది.

ఆయన రెండు కాగితాల వైపూ చూశాడు. రెండింటి మీదా సంతకం ఆయనదే.