మా వీధిలో జబ్బుల్లేవట

గనివాళ్ళు ఒకే రంగు చొక్కాలు తొడిగి బస్సుల్లో తెచ్చిన జనంలో తమ్ముడు కనబడేసరికి దర్జీ ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

బొగ్గు గని ఆవిడ వీధిలో ఇళ్ళని ఆనుకునే ఉంది. పేలుళ్ళ దుమ్ము ఆవిడ కొట్లో తెల్లగుడ్డల మీద పడితే దులిపేసుకునేది. కూతురి గుండెల్లో చేరిన దుమ్మునేం చేస్తుంది? నాలుగు మెట్లెక్కితే చాలు, ఆ పిల్ల ఆయాసంతో కూలబడిపోయేది. ఇళ్ళ దగ్గర తవ్వకాలు ఆపాలి, రోగులకి గని ఖర్చుతో వైద్యం చేయించాలి అంటూ ఒక చట్టం తయారవుతోంది. దాని మీద జనం మాట వినడానికి శాసనసభ్యులు బడి హాల్లో కూర్చున్నారు.

తమ్ముడు గనిలో లారీ నడుపుతాడు. మైకు ముందు నిలబడి, ఈ చట్టం వస్తే తమ ఇళ్ళల్లో పొయ్యిలో పిల్లి లేవదని అప్పజెప్పాడు. అక్కడితో ఆగినా బాగుండేది.

"మా వీధిలో ఎవరికీ ఏ జబ్బూ లేదండి," అన్నాడు.

ఆవిడ లేచింది. మీ వంతు రాలేదని అధ్యక్షుడు అంటున్నా వినలేదు.

"మొన్న వానలో నా పిల్లని భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తిందెవర్రా? నువ్వు కాదూ?"

కాపలావాడు ఆవిణ్ణి బయటికి నడిపించాడు.

చట్టమైతే వచ్చింది. తవ్వకాలు ఆపే మాట మాత్రం అందులోంచి ఎగిరిపోయింది. జబ్బు గని వల్లే వచ్చిందని రోగే రుజువు చేసుకుంటే అప్పుడు వైద్యమట. ఊపిరాడని పిల్ల రుజువులు మోసుకు తిరగాలి కాబోలని పళ్ళు నూరింది ఆవిడ.

ఆ సంగతి తెలిసిన మర్నాడు వీధి ఆడవాళ్ళని వెంటబెట్టుకుని లారీల దారికి అడ్డంగా కూర్చుంది. ముందొచ్చింది తమ్ముడి లారీయే.

"లే అక్కా. నా ఉద్యోగం ఊడుతుంది."

"సభలో కూసిన కూత నీ మేనకోడలి మొహం మీద చెప్పిరా. అప్పుడు లేస్తాను."

వెనక హారన్లు మోగుతున్నాయి. గని అధికారొచ్చి లారీ పోనివ్వమని తమ్ముడి మీద కేకలేశాడు. తమ్ముడు లారీ దిగి, తాళంచెవి ఆయన చేతిలో పెట్టి దారి పక్కన చతికిలబడ్డాడు. ఆవిడ అటు చూడను కూడా చూడలేదు.

సాయంత్రం దాకా ఒక్క లారీ కదల్లేదు. చివరికి ఒక శాసనసభ్యుడు కారు దిగి, ఆఫీసుకొస్తే నిదానంగా మాట్లాడుకుందామన్నాడు.

"ఇక్కడే కూర్చోండి," అంది ఆవిడ, పక్కన దుమ్ము చూపిస్తూ. "మేం పీల్చేది మీరూ పీలుస్తూ మాట్లాడండి."