మౌనగురువు తరఫున ఒక గంట

అతను పగలు ఆసుపత్రులకు ప్రోగ్రాములు రాసేవాడు. సాయంత్రాలు “నిశ్శబ్ద ద్వారం” అనే కొత్త మతం మీద బ్లాగు రాసేవాడు. ద్వారం భక్తులు ఒళ్ళు మండి అతనికి “ఈకలు పీకేవాడు” అని పేరు పెడితే, ఆ పేరే బాగుందని బ్లాగు నెత్తిన పెట్టుకున్నాడు.

ద్వారం గురువు తొమ్మిదేళ్ళుగా నోరు విప్పలేదు. భక్తులు ఫోన్లో ప్రశ్న పంపితే, మనసుతో గ్రహించి ఫోన్లోనే జవాబిస్తాడని నమ్మకం. ఇతను ఆ యాప్‌ని విప్పి చూశాడు. లోపల మూడువందల పన్నెండు వాక్యాలున్న ఒక ఫైలు ఉంది. ఎవరు ఏమడిగినా అందులోంచి ఒకటి లాటరీ తీసినట్టు బయటికొస్తుంది. వాక్యాలన్నీ వరసగా బ్లాగులో పెట్టేశాడు.

“ఆ లాటరీని నడిపించేదెవరు మరి?” అన్నారు భక్తులు. దాంతో అతని మూడు నెలల శ్రమ గాలికి పోయింది.

ఆ రాతలకి నిజంగా నొచ్చుకున్నది అతని పిన్ని ఒక్కతే. బడిలో హెడ్మిస్ట్రెస్‌గా పనిచేసి రిటైరైన మనిషి, ద్వారంలో మొదటి వరస భక్తురాలు. ఆ రోజు నుంచి అతనితో మాట్లాడటం మానేసింది.

ఒక ఆదివారం పొద్దున కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే ద్వారం కార్యదర్శి, చెమటలు కక్కుతూ.

“మా ప్రోగ్రామరు అలిగి వెళ్ళిపోయాడండీ. పోతూ పోతూ ఆ ఫైలు తుడిచేశాడు. ఇంకాసేపట్లో వార్షిక సభ. రెండు వేల మంది వచ్చి కూర్చున్నారు.”

“అయితే నా దగ్గరికెందుకొచ్చారు?”

“మీ బ్లాగులో ఉన్నంత శుభ్రమైన కాపీ మా దగ్గర కూడా లేదు.”

అతను నవ్వాపుకోలేక గుమ్మం పట్టుకున్నాడు. ఆ తెర వెనక ఏముందో చూడాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక. పైగా సభలో పిన్ని ఉంటుంది.

“వస్తాను. కానీ జరిగింది జరిగినట్టు రాస్తాను.”

“రాసుకోండి. మీరు రాసేది మావాళ్ళెవరూ నమ్మరులెండి.”

వేదిక వెనక ఇరుకు గదిలో, తెచ్చి పడేసిన కుర్చీల మధ్య, అతన్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. వాక్యాలు మళ్ళీ ఎక్కించడానికి గంట పడుతుంది. ప్రశ్నలేమో అప్పుడే వచ్చిపడుతున్నాయి.

“అందాకా మీరే ఏదో ఒకటి కొట్టండి సార్,” కార్యదర్శి దండం పెట్టాడు.

మొదటి ప్రశ్న: “ఆరు నెలలుగా మోకాలి నొప్పి. ధ్యానం ఇంకా ఎంతసేపు పెంచాలి?”

“ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళు. ధ్యానం అక్కడ నీ వంతు వచ్చేదాకా చేసుకో,” అని కొట్టాడు. హాల్లో పెద్ద తెర మీద అది పడగానే చప్పట్లు మోగాయి.

“మా ఆయన మౌనవ్రతం అని నాతో మాట్లాడటం లేదు.”

“మౌనంగానే గిన్నెలు తోమమను.”

ఈసారి హాలంతా ఘొల్లుమంది. అతని చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్ళ బ్లాగుకి ఇన్ని చప్పట్లు ఎప్పుడు పడ్డాయి గనుక? ఫైలు ఎక్కడం పూర్తయిందని కంప్యూటరు చెప్పింది. అతను చూడనట్టే తరవాతి ప్రశ్న తెరిచాడు.

“ఉద్యోగం మానేసి ద్వారంలో చేరిపోనా?”

“కల్లు మూసుకుని దూకకు. కల్లు తెరిచి చూడు.”

హాలు ఒక్క క్షణం తికమకపడింది. మైకు పట్టుకున్న వ్యాఖ్యాత సర్దుకుని, “కల్లంటే ఇక్కడ భక్తి అనే మత్తు! ఆ కుండ మూత తెరవమంటున్నారు గురువుగారు!” అన్నాడు.

రెండు నిమిషాలకి గది తలుపు భళ్ళున తెరుచుకుంది. పిన్ని.

“నాలుగో తరగతి నుంచి చెబుతున్నానురా, అది ళ అని! తెర మీద చూడగానే అనుకున్నాను, ఈ వెధవ తప్పు మా వెధవదేనని.”

“పిన్నీ, వీళ్ళే పిలిచారు...”

“ఎంతసేపట్నుంచి?”

“గంట.”

“అడిగినవాళ్ళంతా ఎవరు చెబుతున్నారనుకుంటున్నారు?”

“గురువుగారనే.”

“వాళ్ళు చేస్తే మోసమని పేజీలకి పేజీలు రాశావు. నువ్వు చేస్తే ఏమంటారు దీన్ని?”

అతని తల వాలిపోయింది. చప్పట్ల కోసం ఫైలు సంగతి పక్కన పెట్టానని ఆమెకి చెప్పేశాడు. తరవాత కీబోర్డు దగ్గరికి లాక్కుని కొట్టాడు: “ఈ గంటసేపూ జవాబులిచ్చింది గురువుగారు కాదు. ఈకలు పీకేవాణ్ణి. క్షమించండి. మోకాలి నొప్పాయన మాత్రం డాక్టరు దగ్గరికి తప్పకుండా వెళ్ళాలి.”

తెర మీద అది పడింది. అంతలో వేదిక మీది పూలకుర్చీలోంచి, తొమ్మిదేళ్ళుగా ఎవరూ వినని గొంతు ఒకటి కీచుమంది:

“ఆ తెర ఆపి చావండ్రా!”

సగం మంది సాష్టాంగపడ్డారు. మిగతా సగం చెప్పులు వెతుక్కున్నారు.

పిన్ని రెండో సగంలో ఉంది. ఇద్దరూ బస్టాపు దాకా నడిచారు. అక్కడ బెంచీ మీద కూలబడి ఆమె అంది, “తొమ్మిదేళ్ళు దాచుకున్న మాట అదా! మా బడి బంట్రోతు అంతకన్నా మర్యాదగా అరిచేవాడు.”

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

“వాళ్ళు నేర్పిన ఊపిరి సాధనతో నాకు నిద్రపడుతోందిరా. మీ బాబాయి పోయాక పట్టని నిద్ర. అది మాత్రం నేను మానను.”

“మానొద్దు పిన్నీ.”

“మరి ఆ సంగతి కూడా రాస్తావా?”

అతను ద్వారం గురించి ఒక్క మంచి మాట కూడా ఇంతవరకూ రాసి ఎరగడు. బస్సు కనబడ్డాక, “రాస్తాను,” అన్నాడు.

ద్వారం వాళ్ళు ఆ ఆదివారాన్ని “వాక్ప్రసాద దినం”గా ప్రకటించుకున్నారు. అతను అంతా రాశాడు: ఫైలు, గిన్నెలు, చప్పట్లంటే తనకు పుట్టిన యావ, చివర్న పిన్ని నిద్ర. ఆ చివరి వాక్యం కింద తిట్లు వరదలా వచ్చాయి. ఈసారి తిట్టినవాళ్ళంతా అతని సొంత అభిమానులే. ఒక్కొక్కరికీ ఓపిగ్గా జవాబిచ్చాడు, ప్రతి జవాబునీ ముందు పిన్నికి పంపి దిద్దించుకుని.