గొంతు ఒక్కటే చాలన్నారు

మత్తి చేపలకు పొలుసు తీస్తూ కూర్చున్నాను. గోడ అవతల, యుద్ధవిద్య నేర్పే కళరిలోంచి నా గొంతు వినిపించింది. "కుడికాలు ముందుకు. వంగు. ఇంకా వంగు. ఎగురు. గాల్లో తిరుగు. దిగు." నీళ్ళ కోసం లేచి నిలబడేసరికి నా మోకాళ్ళు వాటంతట అవే వంగాయి. నలభై మూడేళ్ళ మనిషిని, ఒంటి మీద నైటీ, చేతిలో తల తెగిన చేప. అత్తగారు గుమ్మంలోంచి చూసి, "ఏంటే పుష్పజా, నడుం పట్టేసిందా?" అంది. "ఆ, పట్టేసిందమ్మా" అన్నాను. అంతకంటే ఏం చెప్తాను? నా గొంతు పద్దెనిమిది మంది మగపిల్లల చేత గెంతులు వేయిస్తోంది, నేను మాత్రం పులుసులో పులుపుకి కుడంపులి నానబెట్టుకుంటున్నాను.

ఆ గొంతు ఎలా వెళ్ళిందో చెప్పాలి. మా ఆయన రాజీవన్, నా నోట రాజీవేట్టన్, బడిలో డ్రిల్లు మాస్టారు, ఊరి సెవెన్స్ జట్టుకి కోచ్. కోతలైన పొలాల్లో ఏడుగురేసి ఆడే ఫుట్‌బాల్ అంటే కేరళలో మా వటకర చుట్టుపక్కల అన్నం మానేసి చూస్తారు. పోయినేడు సెమీఫైనల్లో అవతలి వాళ్ళు భుజంతో ఒక్క తోపు తోస్తే మనవాళ్ళు అరటిబోదెల్లా పడ్డారు. ఆ రోజు ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా, "వీళ్ళకి కాలు నేల మీద నిలవట్లేదు పుష్పా" అన్నారు. "కళరి నేర్పించండి" అన్నాను నేను, కంచం పెడుతూ. కిందికి వంగి నిలబడడం, ఒంటికాలి మీద తిరగడం, ఎగిరి ఎదుటివాడి కళ్ళ మీంచి చూపు తీయకుండా దిగడం, ఏ అడుగు బంతికి ఎందుకు పనికొస్తుందో ఆ వారమంతా అన్నం వడ్డిస్తూ చెప్పాను. ఆయన నోటుపుస్తకంలో రాసుకున్నారు. జూన్‌లో వానలు పడగానే జట్టుని కళరిలోకి దింపారు, పేపర్లో వచ్చింది, 'కోచ్ రాజీవన్ కొత్త పద్ధతి' అని, ఫొటోతో సహా. ఆ ఫొటోలో ఆయన వెనక తీగ మీద ఆరేసిన పద్దెనిమిది నడికట్టు గుడ్డలున్నాయి. అవన్నీ నేను ఉతికినవే.

ఆ గుడ్డల నూనె ఒక పట్టాన వదలదు. తెల్లారి లేచి కుర్రాళ్ళ ఒంటికి రాసే నూనె కాచాలి, మందు గంజి కాచాలి, వాళ్ళు తాగి వెళ్ళాక గుడ్డలు ఉడకబెట్టి ఉతకాలి. "నీకేం, ఇంట్లోనే కదా ఉంటావు" అంటారు ఆయన. ఆ మాట ఆయన తిట్టుగా అనరు, అదే నాకు ఇంకా మంట.

కళరి మా నాన్నది, గురువూ నాన్నే. కణారన్ గురుక్కళ్ అంటే మా కడత్తనాడు సీమలో తెలియని వాళ్ళు లేరు. మనిషి నిలువులో సగం లోతు గొయ్యి, ఎర్రమట్టి నేల, పైన తాటాకు కప్పు. ఆరేళ్ళప్పుడు నన్ను చెయ్యి పట్టుకుని కుడికాలు ముందు పెట్టించి లోపలికి దించాడు. పధ్నాలుగేళ్ళ దాకా ఆ మట్టి నా అరికాళ్ళదే. చెయ్యి తలపైకి చాపి కాలితో అరచేతిని తంతే ఠాప్‌మని మోగేది, మోగితే నాన్న మీసంలో నవ్వేవాడు. అదీ నా చిన్నతనం. తర్వాత ఒకరోజు నేను పెద్దమనిషినయ్యాను. నాన్న నా వంక చూడకుండా, "ఇక చాలమ్మా. రేపట్నుంచి గుమ్మం బయట దీపం పెట్టు" అన్నాడు. టౌన్లలో ఆడవాళ్ళు చక్కగా నేర్చుకుంటున్నారు, నేర్పుతున్నారు, టీవీలో కూడా వస్తున్నారు. మా కళరిలో మాత్రం నాన్న మాటే మాట.

ఇరవై తొమ్మిదేళ్ళు దీపం పెట్టాను. పెట్టిన ప్రతిసారీ కిందకి చూసేదాన్ని. తడిమట్టి వాసన పైకి వచ్చేది, అరికాళ్ళు జిల్లుమనేవి. గోడ పక్క ఇంటికే కోడలిగా వెళ్ళాను, కూతురు పుట్టింది, అది చదువుకి వెళ్ళింది, ఆ జిల్లు మాత్రం పోలేదు. మనిషి మీద బెంగ పెట్టుకుంటే ఎవరైనా ఓదారుస్తారు. నేల మీద బెంగ అంటే నవ్వుతారు.

చివర్లో నాన్నకి గొంతు ఆపరేషనయ్యింది, మాట పోయింది. కళరిలో మాట లేకుండా ఎవరూ కాలు కదపరు. గురుక్కళ్ పిలవాలి, వాళ్ళు కదలాలి. అప్పుడు నాన్న నన్ను గుమ్మం బయట మెట్టు మీద కూర్చోబెట్టి సైగ చేశాడు, నువ్వు పిలువు, నేను చూస్తానని. నాకు ముందు వరస తప్ప కనిపించేది కాదు. అందరి కాళ్ళూ నేలని తాకాక నాన్న కర్రతో టక్‌మని కొట్టేవాడు. ఆ చప్పుడు విన్నాకే నేను తర్వాతి మాట పిలిచేదాన్ని. అలా రెండేళ్ళు నడిచింది. తర్వాత నాన్నే పోయాడు.

పేపర్లో వచ్చిన వారానికి మా ఆయన ఫోన్ తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టారు. "నేను పుస్తకం చూసి చదువుతుంటే కుర్రాళ్ళు నవ్వుతున్నారు. అన్నం ఉడికేలోపు నువ్వోసారి అనేసెయ్. స్పీకర్లో పెట్టుకుంటాం."

"నేనే వచ్చి పిలుస్తానుగా" అన్నాను.

"నాకేం అభ్యంతరం లేదు పుష్పా. కుర్రాళ్ళే మొహమాటపడతారు. కోచ్ పెళ్ళాం లోపలికొచ్చి నిలబడితే ఏం బాగుంటుంది? గొంతు చాలు."

అత్తగారు వక్క కొరుకుతూ, "మీ మామగారు నన్ను నలుగురిలో నోరెత్తనిచ్చేవారు కాదు. నీ గొంతు మైకులో వస్తోంది, సంతోషించు" అంది. సంతోషించాను. కుక్కర్ కూత పడకుండా మంట తగ్గించి, మొత్తం పిలిచాను.

ఆ చేపల రోజునే జబీర్ మోకాలు తిరిగింది. జట్టులో ముందుండి గోల్స్ కొట్టేది వాడే, నన్ను అక్క వరసలో చేచీ అంటాడు. ఇద్దరు మోసుకొచ్చి అరుగు మీద పడుకోబెట్టారు. చేపల చేతులు కడుక్కుని, నూనె వెచ్చబెట్టి, నాన్న దగ్గర చూసిన పద్ధతిలో బొటనవేలితో మోకాలి చుట్టూ నొక్కి చూశాను. నరం తెగలేదు, బెణికింది. మూడు వారాలు బంతి ముట్టకూడదు.

"ఎలా పడ్డావురా?"

"ఎగిరాను చేచీ. ఇంకా గాల్లోనే ఉన్నాను, మీ గొంతు తర్వాతి మాట చెప్పేసింది. కాలు పెట్టాలో తిప్పాలో తెలియలేదు." మోకాలి వంక చూస్తూ మెల్లగా అన్నాడు. "మీరు మమ్మల్ని చూడట్లేదు కదా."

నా చెయ్యి వాడి మోకాలి మీదే ఆగిపోయింది. వంటింట్లో నిలబడి ఎవరి కాళ్ళని చూసి పిలిచాను? కుక్కర్ ఆవిరిని చూసి పిలిచాను. కర్ర చప్పుడు వినకుండా మాట వదలకూడదని నాకు తెలుసు. తెలిసీ వదిలాను, గొంతైనా లోపలికి వెళ్తుంది కదా అన్న ఆశతో. వాడి మోకాలి పాపంలో నా వాటా ఉంది.

జబీర్‌ని పంపించాక మా ఆయన, "ఇంకోసారి రికార్డు చేద్దాం. కొంచెం నెమ్మదిగా చెప్పు" అన్నారు.

"ఎవరికి నెమ్మదిగా? జబీర్ ఎత్తు ఎగురుతాడు, ఆలస్యంగా దిగుతాడు. నిషాద్ పొట్టివాడు, టక్కున దిగుతాడు. వానపడితే అందరూ ఇంకో రకంగా దిగుతారు."

"చిన్నదాన్ని పెద్దది చెయ్యకు. ఐదు నిమిషాల పని."

మర్నాడు పొద్దున్నే వాన. ఫోన్ గట్టు మీద పెట్టి, ఎర్ర గుర్తు నొక్కి, నా వైపు సైగ చేసి కళరికి వెళ్ళిపోయారు. పొయ్యి మీద గంజి ఉడుకుతోంది. నేను నోరు విప్పలేదు. ఫోన్లోకి వాన చప్పుడు వెళ్ళింది, గంజి కుతకుత వెళ్ళింది. తర్వాత నైటీ విప్పి కూతురి పాత చుడీదార్ తొడుక్కున్నాను. తీగ మీద నుంచి ఒక నడికట్టు గుడ్డ లాగి, నాన్న నేర్పినట్టు బిగించి కట్టుకున్నాను. అత్తగారు నోట్లో వక్క పెట్టుకోబోయి అలాగే ఉండిపోయింది.

గుమ్మం దగ్గర రోజూ ఆగే చోట కాళ్ళు ఆగాయి. లోపల మూలన పూజకి కట్టిన పూలమెట్ల పక్కన నాన్న కర్ర ఆనించి ఉంది. క్షమించు నాన్నా అనుకోలేదు. నువ్వు చూసేవాడివి, ఇప్పుడు చూసేవాళ్ళు లేరు, నేను దిగుతున్నాను అనుకున్నాను. కుడికాలు పెట్టాను. మట్టి చల్లగా ఉంది. అలాగే ఉంది. వంగి నేలని ముట్టుకుని నుదుటికి తాకించుకుంటుంటే కళ్ళు నిండాయి, తుడుచుకోలేదు.

పదిహేడు మంది బిగుసుకుపోయి చూస్తున్నారు. మా ఆయన స్పీకర్ తీగ పట్టుకుని నిలబడ్డారు. ఆయన గొంతు తగ్గించి అన్నారు.

"పుష్పా, పొయ్యి మీద గంజి మాడిపోతుంది."

"అవును. వెళ్ళి కట్టేసి రండి, రాజీవేట్టా."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన నావైపు చూశారు, కుర్రాళ్ళవైపు చూశారు. తర్వాత తీగ కింద పెట్టి మెట్లెక్కారు. నేను నాన్న కర్ర అందుకున్నాను. మాట పిలిచే ముందు వరసగా అందరి కాళ్ళూ చూశాను. వాటిలో నావీ ఉన్నాయి.