వాలు పీట

చివరి మేకు కూడా ఊడి వచ్చాక పీటలక్క పటకారు పక్కన పెట్టి, బట్ట అంచు మెల్లగా పైకెత్తింది. ముదురాకుపచ్చ మఖమలు కింద ఎర్ర పువ్వుల బట్ట, దాని కింద గళ్ళ బట్ట, దాని కింద గోధుమరంగు గోనె. జానెడు ఎత్తు లేని కాళ్ళపీట ఇన్నిసార్లు ముస్తాబైందా అని ముక్కున వేలేసుకుంది.

పాత సామాన్లు బాగుచేసి అమ్మే ఆ కొట్టు వెనక గదిలో ఆమె ముప్పై నాలుగేళ్ళుగా పనిచేస్తోంది. కుర్చీలూ సోఫాలూ పక్క గదిలో మగవాళ్ళు చూసుకుంటారు. కాళ్ళపీటలంటే వాళ్ళకు చిన్నచూపు. కాబట్టి అవన్నీ ఆమె వాటాకు వచ్చాయి, వాటితోపాటే ఆ పేరూ వచ్చింది. పొట్టి మనిషి, పొట్టి వేళ్ళు, ముక్కు చివరికి జారే కళ్ళజోడు. నోట్లో ఎప్పుడూ నాలుగైదు చిన్న మేకులుంటాయి. మేకులున్నప్పుడు మాట్లాడడం కుదరదు కనక, ఎవరైనా నచ్చని ఊసెత్తితే గబుక్కున ఇంకో రెండు నోట్లో వేసుకుంటుంది. ఆ కిటుకు అందరికీ తెలుసు, అయినా ఎవరూ ఏమీ అనరు.

"అక్కా, నాలుగింటికల్లా అయిపోవాలి. కొన్నమ్మాయి వచ్చి తీసుకెళ్తుంది" అన్నాడు ఓనరు గుమ్మంలోంచే. అతని తండ్రి హయాంలో చేరింది కాబట్టి ఆమెకు అతను ఇంకా బాబే.

"ఇది వాలుగా ఉంది బాబూ."

"అదే చెప్దామని వచ్చా. ఇటు కాళ్ళు రెండూ వేలి మందం పొట్టి. అటువైపువి కూడా ఆ మేరకి కోసేసి సమం చేసెయ్."

"ఎందుకు పొట్టి చేశారో?"

"ఎందుకైతే మనకేంటక్కా! ఎవరిదో పాతిల్లు ఖాళీ చేస్తుంటే కొన్నాను. అడుగుదామన్నా ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదు."

"పీట మిగిలిందిగా."

ఓనరు నవ్వుతూ తల పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆమెతో వాదించడం కంటే గోడతో వాదించడం నయమని అతని తండ్రే చెప్పి పోయాడు.

పీటలక్క పీటను తిరగేసి ఒళ్ళో పెట్టుకుంది. అది పొరపాటు కోత కాదు. రెండు కాళ్ళూ ఒకే కొలతకు కోసి, అంచులు నున్నగా చెక్కి, కోసినచోట వార్నిష్ కూడా పూశారు. ఇంత శ్రద్ధగా ఒక వస్తువును వంకర చేసినవాళ్ళెవరో, వాళ్ళకేం కావాల్సి వచ్చిందో తెలుసుకోవాలని ఆమెకు ప్రాణం కొట్టుకుపోయింది.

ఇరవయ్యేళ్ళ కిందటైతే ఈపాటికి రంపం అందుకునేదే. అప్పట్లో ఆమెకు తన పనితనం మీద కొండంత గర్వం. ఒకావిడ తన తండ్రి వాడిన కాళ్ళపీట తెచ్చి, పై బట్ట మార్చమంది. పీటలక్క బట్టతో ఆగలేదు. లోపలి పీచు అణిగి రెండు గుంటలు పడ్డాయని, అదంతా పీకి పారేసి, కొత్త పీచు దట్టంగా కూరి ఇచ్చింది. ఆవిడ పీట మీద అరచెయ్యి పెట్టి తడిమింది, మళ్ళీ తడిమింది. "గుంటలేవీ?" అంది. "పోయాయండీ, ఎంత బాగా వచ్చిందో చూడండి" అంది పీటలక్క సంబరంగా. ఆవిడ అక్కడే నిలబడి ఏడ్చేసింది. అవి పోయిన తండ్రి మడమల గుర్తులు. పీటలక్క చెత్తకుండీ దాకా పరిగెత్తింది గానీ అప్పటికే బండి వచ్చి వెళ్ళిపోయింది. ఆ సిగ్గు ఆమెను ఇప్పటికీ వదల్లేదు. దేని సంగతీ తెలియకుండా దేన్నీ చెరపకూడదని ఆరోజే ఒట్టు పెట్టుకుంది.

ఇప్పుడు నాలుగింటి వరకే గడువు. గోనె కూడా తీసి, పీచు మీద అరచెయ్యి ఆనించింది. ఒకటే గుంట. పొట్టి కాళ్ళవైపు, ఎడమ పక్కన, లోతుగా. కుడి పక్కన పీచు ఎవరూ తొక్కనట్టే ఉంది. అంటే వాడినవాళ్ళకు ఒకటే కాలా?

పీటను కుర్చీ ముందు వేసి, తను కూర్చుని, ఎడమ కాలు పెట్టి చూసింది. మడమ గుంటలో కూర్చుంది. వాలుకు పిక్క నొప్పి లాగేసినట్టు పోయింది, మోకాలు లేచి ఒళ్ళు చిన్న బల్లలాగా చదునైంది. ఒళ్ళో పని పెట్టుకునేవాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి? ఆ కోత వెనక ఒంటి బాధ తెలిసిన మనిషి ఉంది. సరే, మరి కుడి కాలు ఎక్కడికి పోయినట్టు?

అంతలో ఫోన్ మోగింది. ఆస్పత్రి ల్యాబులో పనిచేసే కూతురు.

"అమ్మా, గుండె పరీక్ష చేయించుకున్నావా?"

"రేపు చేయించుకుంటానే."

"నిన్నా రేపే అన్నావు. మెట్లెక్కితే ఆయాసం అంటున్నది నువ్వే కదా! నీకు ఆ పీటలు ముఖ్యమా, నేను ముఖ్యమా?"

"ఊఁ."

"మేకులు వేసుకున్నావు కదూ!"

పీటలక్క నవ్వాపుకోలేక మేకులు చేతిలోకి ఉమ్మేసింది. "వస్తానే తల్లీ, రేపు తప్పకుండా వస్తా" అని ఫోన్ పెట్టేసి, ఆ నవ్వుతోనే పనిబల్ల కాలి వైపు చూసింది. ఆ కాలికి చుట్టూ సన్నగా అరిగిన గాడి ఒకటుంది. ఇందాకటి ఆ గొంతు నెలల పిల్లగా ఉన్నప్పుడు ఈ గదిలోనే ఉయ్యాల్లో పడుకునేది. ఉయ్యాల తాడు పీటలక్క కాలి బొటనవేలికి ఉండేది. వేలి నుంచి జారినా తాడు అందకుండా పోకూడదని కొసను బల్ల కాలికి కట్టేది. చేతులు కుట్టుకుంటూంటే కాలు ఊపుతూండేది.

గబగబా పీట తిరగేసి, కుడి పక్క పొట్టి కాలిని తడిగుడ్డతో తుడిచింది. మురికి కింద అదే గాడి. సన్నగా, గుండ్రంగా, ఏళ్ళ తరబడి ఒరిసిన గాడి.

"కుడి కాలు పిల్లని ఊపుతోంది!" అంది పైకే. గదిలో ఎవరూ లేకపోయినా చెప్పకుండా ఉండలేకపోయింది. మొహం తెలియని ఆ తల్లి మీద ఆమెకు సొంత చెల్లెలి మీద పుట్టినంత ప్రేమ పుట్టింది.

మూడున్నరకల్లా పాత పీచు కదలకుండా పైన పలచగా కొత్త దూది పరిచి, బట్ట బిగించింది. రంపం ముట్టలేదు. బిస్కెట్టంత చెక్కముక్కలు రెండు కోసి, నునుపు చేసి, పొట్టి కాళ్ళ కింద స్క్రూలతో బిగించింది. బిగించేముందు వాటి లోపలివైపు పెన్సిల్‌తో ఏదో రాసింది.

నాలుగింటికి వచ్చిన అమ్మాయి పీటను చూసి మురిసిపోయింది. "హాల్లో కిటికీ పక్కన పెట్టి, మీద పుస్తకాలు పేరుస్తానండీ."

"కాళ్ళు పెట్టవా?"

"అయ్యో, పాడైపోదూ!"

పీటలక్క ఆ ఎడమ గుంట సంగతీ, తాడు గాడి సంగతీ పూసగుచ్చినట్టు చెప్పింది. అమ్మాయి వింటూ వింటూ పీట పక్కన నేల మీదే కూలబడింది. "ఈ ముక్కలుంటే పుస్తకాలు జారవు. స్క్రూలు విప్పితే పాత వాలు పాతదే" అంది పీటలక్క. "ఎప్పుడైనా విప్పితే పారెయ్యకమ్మా. తెచ్చి నాకు చూపించు."

పన్నెండు రోజుల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం, భోంచేసి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్న పీటలక్క మళ్ళీ లేవలేదు. గుండె పరీక్ష రేపటికే ఉండిపోయింది. కూతురు వచ్చి కళ్ళజోడూ, సుత్తీ తీసుకెళ్ళింది. బల్ల కాలి గాడిని వేలితో రాసి, చాలాసేపు ఏడ్చి మరీ వెళ్ళింది. ఆ గదిలో ఎవర్ని పెట్టాలో ఓనరుకు తోచలేదు.

రెండో నెలలో ఆ అమ్మాయి గుప్పిట్లో ఏదో పట్టుకుని వచ్చింది. పీటలక్క పోయిన సంగతి ఓనరు చెప్పాడు.

"ఆవిడ అడిగారండీ. చెప్దామని వచ్చాను" అంది అమ్మాయి.

"నాకు చెప్పమ్మా."

"నేను పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చునే పనిలో ఉన్నానండీ. ఒకరోజు కాళ్ళు లాగేస్తుంటే పుస్తకాలు తీసి పక్కన పెట్టి, ఎడమ కాలు పెట్టి చూశాను. తర్వాత స్క్రూలు విప్పి చూశాను. మళ్ళీ బిగించబుద్ధి కాలేదు."

ఓనరు ఆమెను వెనక గదిలోకి తీసుకెళ్ళాడు. అమ్మాయి గుప్పిట విప్పి, తెచ్చినవాటిని పనిబల్ల మీద, పీటలక్క కూర్చునే వైపుకు తిప్పి పెట్టింది. బిస్కెట్టంత చెక్కముక్కలు రెండు, ఒకదాని మీద 'ఎందుకు', రెండోదాని మీద 'తీశావు?' అని పెన్సిల్ అక్షరాలు.