చుక్కా, గీతా

పొద్దున్న తొమ్మిదింటికి కాజాలక్క కొట్టు తలుపు తీసేది. గడప దగ్గర పడ్డ దారప్పోగులు ఊడ్చి, మిషనుకి రెండు చుక్కలు నూనె పోసి, వేలు తడి చేసుకుని భర్త ఇస్త్రీపెట్టె వేడెక్కిందో లేదో ముట్టుకుని చూసేది. "చెయ్యి కాల్చుకుంటే గానీ నీకు తెల్లారదా?" అని ఆయన రోజూ అనేవాడు. ముప్పై రెండేళ్ళుగా ఆ వేలు కాలిందీ లేదు, ఆయన అనడం మానిందీ లేదు.

ఆవిడకి అసలు పేరొకటి ఉండే ఉంటుంది. చేత్తో కాజాలు కుట్టడంలో ఆవిడంతటి వాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు కాబట్టి కాజాలక్క అయింది. అరవై దగ్గర పడుతున్నా చిన్నా పెద్దా అందరికీ అక్కే. పక్కన బల్ల దగ్గర నిలబడే భర్త ఆ లెక్కన ఇస్త్రీబావ అయ్యాడు.

కుట్టేటప్పుడు ఆవిడ ప్రార్థన చేసేది. మనసులో కాదు, పైకే, పక్క కొట్లో చెప్పులు కుట్టే అతనికి వినపడేంత గట్టిగా. అలా పైకి అన్న మాట కుట్టులోకి దిగి అక్కడే ఉండిపోయేది. బట్ట తొడుక్కుని కాలరు వైపు చెవి వంచితే సన్నగా వినిపించేది. "వేణ్ణీళ్ళలో నానబెట్టకండి, మాట బిగుసుకుపోతుంది" అని ఆవిడ అందరికీ చెప్పి పంపేది. ఒకసారి నర్సు ఒకామె వచ్చి, "అక్కా, ఎడమ భుజం దగ్గర మాట పీలగా ఉంది, సగం వినపడి సగం వినపడటం లేదు" అంది. కాజాలక్క చూసి, నిజమే, ఆ రోజు జలుబు చేసిందని ఒప్పుకుని, ఇంకో వరస కుట్టిచ్చింది.

అయితే అడక్కుండా ఎవరి బట్టలోనూ మాట పెట్టేది కాదు. కొలతలు తీసుకోవడం అయ్యాక, "చుక్కా, గీతా?" అనేది. చుక్క అంటే ప్రార్థనతో కుట్టాలి. గీత అంటే మాట లేకుండా. ఏదంటే అది సుద్దతో గుడ్డ అంచున వేసుకునేది. గీత గుడ్డ మిషనెక్కిందంటే పెదవులు బిగించుకుని కుట్టేది. దగ్గొస్తే లేచి వీధిలోకి వెళ్ళి దగ్గి వచ్చేది. వేరే దేవుణ్ణి కొలిచేవాళ్ళలో గీత అనేవాళ్ళూ ఉన్నారు, చుక్క అనేవాళ్ళూ ఉన్నారు. ఆదివారం ఆవిడ పక్కనే కూర్చుని పాటలు పాడేవాళ్ళలో కూడా, "నా ప్రార్థన నేను చేసుకుంటాలే అక్కా, నాకు గీత" అనేవాళ్ళున్నారు. ఎందుకని ఎవర్నీ అడిగేది కాదు. లెక్కల మాస్టారికైతే ఏ దేవుడూ లేడు. "గీత పెట్టు. నమ్మకం లేదు, దాని కింద ఇంకో గీత పెట్టు" అనేవాడు. ఆవిడ నవ్వుకుంటూ రెండు గీతలూ పెట్టేది.

అలాంటి కొట్టుకి ఒక మంగళవారం కాగితం వచ్చింది.

తెచ్చింది పట్టణాధికారి. బంట్రోతుని పంపించొచ్చు. ఏమనుకున్నాడో ఏమో, తనే వచ్చి బల్ల మీద పెట్టాడు. దుస్తుల ద్వారా మతపరమైన మాటలు వ్యాప్తి చేయడం నిషేధం. కుట్టుపనివారు పనివేళల్లో మౌనం పాటించవలెను. ఇప్పటికే మాటలున్న బట్టల కుట్లు విప్పించవలెను. ఎవరికీ మినహాయింపు లేదు. కింద కాజాలక్క సంతకానికి చోటు వదిలారు. సంతకం పెడితే కొట్టు ఉంటుంది. లేకపోతే శుక్రవారం సభాభవనంలో ఆ ఉత్తర్వు చదివిన మరుక్షణం సీలు పడుతుంది.

ఇది మొదటిది కాదు. రెండేళ్ళ కిందట చర్చి బోర్డు రోడ్డు మీదకి కనపడకూడదన్నారు, దించేశారు. పోయినేడు పాటలు కిటికీలు మూసుకుని పాడుకోమన్నారు, ఉక్కలో చెమటలు కక్కుతూ అలాగే పాడుకున్నారు. "సర్దుకుపోదాం" అన్నారు పాస్టరుగారు. కాజాలక్క కూడా సర్దుకుపోయింది. అలా సర్దుకుపోయినందుకు తన మీద తనకే ఒళ్ళు మంట.

"ప్రార్థన మానెయ్యమని ఎవరూ అనడం లేదండీ. మనసులో చేసుకోండి చాలు" అన్నాడు అధికారి, గోడ మీద వేలాడే టేపు వైపు చూస్తూ.

"మనసులో ఏం చేసుకోవాలో కూడా ఆఫీసువాళ్ళే చెప్తారా ఇకనుంచి?"

ఇస్త్రీబావ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేశాడు. "ఏమే, కాస్త నెమ్మదిగా మాట్లాడు."

"నెమ్మదిగానే అన్నాగా. అరిస్తే వేరేలా ఉంటుంది." ఆవిడ కాగితాన్ని రెండు వేళ్ళతో వెనక్కి తోసింది. "ముప్పై రెండేళ్ళుగా కుడుతున్నాను బాబూ. చొక్కాలు కుట్టాను, కోట్లు కుట్టాను, చివరి ప్రయాణానికి తొడిగే బట్టలు కుట్టాను. నోరు కుట్టుకోవడం మాత్రం నేర్చుకోలేదు. ఈ వయసులో కొత్త పని నావల్ల కాదు."

అధికారి కదల్లేదు. కాగితం తీసుకోనూ లేదు. చేత్తో కోటు కాలరు తడుముకున్నాడు. అతనెందుకు తడుముకున్నాడో ఆ కొట్లో ఉన్న ముగ్గురికీ తెలుసు.

ఆరేళ్ళప్పుడు వాళ్ళమ్మ అతన్ని రెక్క పట్టుకుని ఇదే కొట్టుకి తీసుకొచ్చింది. పిల్లాడికి విపరీతమైన నత్తి. బళ్ళో పేరడిగితే మొదటి అక్షరం దగ్గరే సాయంత్రమయ్యేది. ఆ తల్లి మొక్కే దేవుడు వేరు. అయినా, "చుక్క పెట్టమ్మా, ఎవరి దేవుడైతేనేం, నా పిల్లాడికి మాట రావాలి" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కాజాలక్క అప్పటికి కొత్త పెళ్ళికూతురు. కాలరు లోపల పెట్టే బకరం గుడ్డ, రెండు వేళ్ళంత ముక్క, దాని మీద దగ్గర దగ్గరగా కుడుతూ ఒకటే మాట అంది: "ప్రభువా, వీడి మాట వీడు చెప్పుకోగలగాలి."

ఆ చొక్కా తొడుక్కుని పిల్లాడు తన పేరు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. చొక్కా పొట్టిదైతే ముక్క ఇంకో చొక్కాలోకి మారేది. అలా పద్నాలుగు చొక్కాలు మారి, చదువులు దాటి, తల్లి పోయాక కూడా, ఆర్నెల్ల కిందట ఈ కొత్త కోటు కాలర్లోకి చేరింది. ఈ సంగతి కాజాలక్క ఎక్కడా అనలేదు. ఒకరి నడుము కొలతే ఇంకొకరికి చెప్పదు, నత్తి సంగతి చెప్తుందా?

"నాది కూడా తీసెయ్యండి" అన్నాడు అధికారి.

"ఏమిటీ?"

"కాగితం పైనుంచి వచ్చింది. మినహాయింపు లేదన్న ముక్క మాత్రం నేనే చేర్చాను. ఊళ్ళో అందరివీ విప్పించి నాది ఉంచుకుంటే బాగుండదు కదా."

ఆ మాటకి కాజాలక్కకి కోపమూ వచ్చింది, ముచ్చటా వేసింది. దొంగ అయితే తిట్టి పంపేది. నిజాయితీపరుడు తప్పు పని చేస్తుంటే ఎలా తిట్టాలో ఆవిడకి తోచలేదు. కోటు విప్పించి, ఒడిలో పెట్టుకుని, బ్లేడు అంచుతో ఒక్కో కుట్టే కోసింది. ముక్క బయటికొచ్చింది. ముప్పై ఏళ్ళ చెమటకి పసుపు తిరిగింది గానీ కుట్టు ఒక్కటి వదల్లేదు.

"ఇందులో ఏముందో ఎప్పుడైనా విన్నారా?"

అతను తల అడ్డంగా ఊపాడు. చిన్నప్పుడు నలుగురిలో కాలరు వైపు మెడ వంచడం తలకొట్టేసినట్టుండేది. తర్వాత అలవాటైపోయింది. ముక్కని పారెయ్యడానికి చేతులు రాక జేబులో వేసుకున్నాడు.

"జేబు గురించి మీ కాగితంలో ఏమీ లేదులెండి" అంది కాజాలక్క.

అతను వెళ్ళాక ఇస్త్రీబావ చాలాసేపు ఒకే చొక్కాని ఇస్త్రీ చేశాడు. చివరికి, "సంతకం పెట్టేస్తే పోలా?" అన్నాడు.

"మీరు కోరితే పెడతాను. కానీ రేపట్నుంచి మీ చొక్కాకి కూడా గీతే. సరేనా?"

ఆయన తన కాలరు వైపు చెవి వంచి ఒక్క క్షణం విన్నాడు. పెళ్ళైన మొదటి వారం కుట్టిన మాట అది, ఎన్ని చొక్కాలు మారినా ఆయన వదలనిది. "అక్కర్లేదు. పోతే కొట్టు పోనీ" అన్నాడు.

శుక్రవారం సభాభవనం కిక్కిరిసిపోయింది. ఆ ఊరి పద్ధతి ఒకటుంది. ఏ ఉత్తర్వైనా అధికారి తన నోటితో మొదట్నుంచి చివరిదాకా జనం ముందు చదివితేనే అమల్లోకి వస్తుంది. చదివే ముందు అభ్యంతరాలు అడుగుతారు. ఎవరూ లేవరు కాబట్టి అదో తంతు. ఆ రోజు కాజాలక్క లేచింది.

"నేను ఎవరి మెడలోనూ బలవంతంగా మాట వెయ్యలేదు" అంది. "వద్దన్నవాళ్ళకి గీత పెట్టాను, గీత పెట్టిన గుడ్డ దగ్గర దగ్గు కూడా దగ్గలేదు. కావాలన్నవాళ్ళకి చుక్క పెట్టాను. నా దేవుడితో నేను పైకే మాట్లాడతాను, ఆయనేమీ నాకు దొంగచాటు చుట్టం కాదు. బోర్డు దించమంటే దించాం. కిటికీలు మూయమంటే మూశాం. ఇప్పుడు నోరు మూయమంటున్నారు. ఇది మాత్రం మూయను. కొట్టుకి సీలు వేసుకోండి, రేపు వీధిలో మిషను పెట్టుకుని కుడతాను. మిషను పట్టుకుపోతే చేత్తో కుడతాను, నేను కాజాలక్కని. ఎక్కడ కూర్చున్నా పైకే ప్రార్థన చేస్తాను."

ఇస్త్రీబావ కూడా లేచి ఆవిడ పక్కన నిలబడ్డాడు. అంతలో వెనక బెంచీ మీంచి లెక్కల మాస్టారు లేచాడు.

"నా చొక్కాకి రెండు గీతలు. అందరికీ తెలుసు" అన్నాడు. "ఆవిడ దేవుడితో నాకు పనిలేదు. కానీ వద్దనడానికి నాకు నోరుండాలంటే, కావాలనడానికి పక్కవాడికీ ఉండాలి. ఇవాళ చుక్క తీసేస్తే రేపు గీతకి అర్థమేముంటుంది? అభ్యంతరాల్లో నాదీ రాసుకోండి."

ఇంకెవరైనా ఉన్నారా అని గుమాస్తా అడిగాడు. నర్సు లేచింది. చెప్పులు కుట్టే అతను లేచాడు. ఇన్నాళ్ళూ సర్దుకుపోదామన్న పాస్టరుగారు కళ్ళద్దాలు తుడుచుకుని ఆయనా లేచారు. గుమాస్తా రాసుకున్నాడు. అభ్యంతరాలు రాసుకోవడానికే గానీ ఆపడానికి కాదు. అధికారి కాగితం పట్టుకుని నిలబడ్డాడు.

ఒక చెయ్యి జేబులో ఉంది. ముక్క కాలర్లో ఉంటేనేం, జేబులో ఉంటేనేం అనుకున్నాడు కాబోలు. కుళాయి నీళ్ళ వేళల గురించి, వీధిదీపాల గురించి ఉత్తర్వులు చదివినప్పుడు ఒక్క అక్షరం తడబడినవాడు కాదు.

"ని..." అన్నాడు. "ని... ని... ని..."

నిషేధం అన్న మాట బయటికి రాలేదు. మళ్ళీ మొదలుపెట్టాడు. మొహం ఎర్రబడింది, మెడ నరాలు పొంగాయి. ముప్పై ఏళ్ళుగా కనపడని ఆరేళ్ళ పిల్లాడు ఆ కోటులో నిలబడ్డాడు. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఎవరది నవ్వింది?" కాజాలక్క గొంతు హాలంతా ఖంగుమంది. "ఇంకోసారి నవ్వితే పళ్ళు రాలగొడతాను." తర్వాత అధికారి వైపు తిరిగింది. "నిదానంగా కానీ బాబూ. నా కొట్టు మూసే మాటైనా సరే, పూర్తిగా చెప్పు. తొందరేం లేదు, మేం వింటాం."

చదివెయ్యగలిగితే తన కొట్టు పోతుందని ఆవిడకి తెలియక కాదు. నోరు తిరగని మనిషిని చూసి గెలిచాననుకోవడం ఆవిడకి చేతకాలేదు.

అధికారి కాగితం బల్ల మీద పెట్టాడు. జేబులోంచి ముక్క తీశాడు. అంతమంది చూస్తుండగా, సిగ్గుపడకుండా, దాన్ని చెవికి ఆనించుకున్నాడు. వాళ్ళమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకున్న రోజు నాటి మాట, పడుచు గొంతుతో, అందులో చెక్కు చెదరకుండా ఉంది. వీడి మాట వీడు చెప్పుకోగలగాలి. రెండుసార్లు విన్నాడు.

తర్వాత తలెత్తి, ఒక్క తడబాటు లేకుండా అన్నాడు: "ఇది నా మాట కాదు."

గుమాస్తా కలం ఆగిపోయింది. "ఏం రాయమంటారండీ?"

"నేను అన్నదే రాయి. ఇది నా మాట కాదు. నేను చదవను."

చదవని ఉత్తర్వు అమల్లోకి రాదు. కాగితం ఫైల్లోకి పోయింది. ఆ ఆదివారం చర్చిలో కిటికీలన్నీ తెరిచారు, ఎవరినీ అడగలేదు. బోర్డుకి కొత్త రంగు వేసి మళ్ళీ ఎక్కించారు. నిచ్చెన పట్టుకున్నది లెక్కల మాస్టారు. బోర్డు వంకరగా ఉందని కింద నుంచి గోల పెట్టి, కొలిచి మరీ సరిచేయించాడు.

నెల తిరక్కుండా అధికారికి బదిలీ ఆర్డరు వచ్చింది, ఎవరూ అడిగి వెళ్ళని చోటికి. వెళ్ళే రోజు పొద్దున్న తొమ్మిదింటికి, కాజాలక్క దారప్పోగులు ఊడుస్తుండగా, కోటు చేతి మీద వేసుకుని వచ్చాడు.

"మీ తర్వాత వచ్చేవాడు చదువుతాడేమో" అంది ఆవిడ.

"చ... చదవొచ్చు అక్కా."

ముప్పై ఏళ్ళ తర్వాత అక్కా అన్నాడు. ఆవిడ చీపురు గోడకి ఆనించింది.

"చదవనీ. నేనూ ఇక్కడే ఉంటాను, నా నోరూ ఇక్కడే ఉంటుంది. ఇలా తే కోటు." బల్ల మీద పరిచి, కాలరు మడత విప్పి, సుద్దముక్క తీసుకుంది. ఎంత తెలిసిన మనిషైనా అడక్కుండా కుట్టే అలవాటు లేదు కదా. "చుక్కా, గీతా?"

అతను ఆవిడ చేతిలోంచి సుద్దముక్క అందుకుని, వంగి, కాలరు అంచున తనే చుక్క పెట్టాడు.

కాజాలక్క వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి, మిషను ముందు కూర్చుని, అటు చివరి కొట్టుదాకా వినపడేలా మొదలుపెట్టింది.