పదిహేనో తారీఖు ఏ వారం

తేదీ చెబితే వారం చెప్పే విద్య నేను నేర్చుకున్నది చప్పట్ల కోసం. మెదడు తుప్పు పట్టకుండా ఉండాలని మా అమ్మాయితో అన్నాను గానీ అదంతా పైపై మాట. ముప్పై నాలుగేళ్లు ఒక ఫ్యాక్టరీలో టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేశాను. అక్కడ నా గొంతు తెలియనివాడు లేడు, నా ముఖం గుర్తుపట్టేవాడూ లేడు. నంబర్లన్నీ నోటికి వచ్చేవి కాబట్టి 'డైరెక్టరీ' అని పిలిచేవారు. రిటైరైనవాళ్ల సంఘం ఏటా పెట్టే సభలో ఒక్కసారి వేదికెక్కాలని, అందరూ నోరెళ్లబెట్టి చూడాలని ఆశపడ్డాను. అదేమైనా తప్పా?

విద్య కూడా మరీ కొరుకుడుపడనిదేం కాదు. లైబ్రరీ పుస్తకంలో దొరికింది. నెలకో అంకె కంఠస్థం చెయ్యాలి. సంవత్సరం చివరి రెండంకెలు, అందులో నాలుగో వంతు, నెల అంకె, తేదీ, అన్నీ కలిపి ఏడుతో భాగిస్తే మిగిలేదే వారం. సున్నా అయితే ఆదివారం, ఒకటైతే సోమవారం. మూడు వందల నంబర్లు మోసిన బుర్రకి పన్నెండు అంకెలు ఒక లెక్కా! కష్టమంతా వేగంతోనే. అడిగినవాడు నోరు మూసేలోగా జవాబు నా నోట్లోంచి రావాలి. బస్టాపులో, రేషన్ క్యూలో, దంతవైద్యుడి కుర్చీలో నోరు తెరిచి కూర్చుని కూడా సాధన చేశాను. పక్కింటావిడ నన్ను చూస్తే తలుపేసుకునేది. పాపం, అప్పటికే వాళ్ల చుట్టాలందరి పుట్టినరోజులూ అయిపోయాయి.

నేర్చుకునేవాళ్లకు ముందుగా కావలసినవి జవాబు తెలిసిన తేదీలు. ఉద్యోగంలో చేరినది ఎనభై ఒకటి జూన్ ఒకటి, సోమవారం. సరిపోయింది. పెళ్లయినది ఎనభై నాలుగు మే పది, గురువారం. అదీ సరిపోయింది. మూడోది నాన్న పోయిన రోజు. ఎనభై ఏడు సెప్టెంబరు పదిహేను, ఆదివారం. లెక్క వేస్తే మంగళవారం వచ్చింది.

తప్పు నాదే అనుకున్నాను. సెప్టెంబరు అంకె మరిచిపోయానేమోనని పుస్తకం తీసి చూశాను. కాగితం మీద ఆరుసార్లు వేశాను. ఆరుసార్లూ మంగళవారమే వచ్చింది. చివరికి అమ్మాయిని ఫోనులో చూడమన్నాను. "మంగళవారమే అమ్మా, భలే చెప్పావే!" అని మెచ్చుకుంది. నేను బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చాను.

ఎందుకో చెప్పాలి. నాన్న పక్షవాతంతో నాలుగేళ్లు, టైలరు పని చేసే అన్నయ్య దగ్గర మంచాన ఉన్నాడు. నేనుండేది ఒక రాత్రీ ఒక పగలూ రైలు ప్రయాణమంత దూరంలో. ఆయన పోయిన సంగతి నాకు ఉత్తరం ద్వారా తెలిసింది. అప్పుడు తపాలా సమ్మె నడుస్తోంది, ఆ ఉత్తరం పద్దెనిమిది రోజులకు చేరింది. 'పదిహేనో తారీఖు ఆదివారం నాన్న పోయారు. మందుల షాపు నుంచి మీ ఫ్యాక్టరీకి మూడుసార్లు ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు' అని రాశాడు అన్నయ్య. ఎత్తాల్సింది నేను. ఆ దుఃఖంలో క్యాలెండరు తీసి వారం సరిచూడాలని తోచలేదు. ఆదివారం డ్యూటీ ఇష్టమున్నవాళ్లు చేసేవారు. ఆ నెలంతా నన్ను అడిగారు, నేను వద్దన్నాను. ఆదివారాలు మా ఆయనతో కలిసి మాట్నీకి పోయాను. తండ్రి ప్రాణం పోతుంటే చీకట్లో కూర్చుని శనక్కాయలు నమిలినదాన్ని అని నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఒక్క ఆదివారం కూడా వదల్లేదు. ఇరవై ఎనిమిదేళ్లు. సెలవు వారం మధ్యలో తీసుకునేదాన్ని. పిల్లకి సెలవున్న రోజు నాకు లేదు, నాకున్న రోజు పిల్లకి లేదు. మా ఆయన చెప్పి చెప్పి విసిగిపోయి, చివరికి ఆ మాట ఎత్తడం మానేశారు. ఖాళీ ఫ్యాక్టరీలో, మోగని టెలిఫోన్ బోర్డు ముందు, ఎవరి ఇంట్లోనైనా ఎవరైనా పోతున్నారేమోనని కూర్చున్నాను.

మంగళవారమైతే నేను పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా బోర్డు ముందే ఉన్నాను. అంటే ఫోన్ రాలేదు. అన్నయ్య చెయ్యలేదు.

అప్పుడే ఫోన్ చేసి కడిగేయొచ్చు. కానీ నాలుగు గోడల మధ్య అడిగితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాడు. రెండు వందల మంది ముందైతే ఎలా తప్పించుకుంటాడో చూద్దామనుకున్నాను. ఇది మంచి బుద్ధి అని నేననను. 'నా ప్రదర్శన ఉంది, తప్పకుండా రావాలి' అని రైలు టిక్కెట్టు కూడా కొని పంపాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

ఆ రోజు నాకు తిరుగులేదు. పదిహేడు తేదీలు అడిగారు, పదిహేడూ చెప్పాను. క్యాంటీన్ మేనేజరు అడిగిన పెళ్లి తేదీకి శనివారమన్నాను. "అందుకేనేమో శని పట్టుకుంది" అని ఆయన అంటే, పక్కనే ఉన్న ఆయన భార్య తప్ప హాలంతా నవ్వింది. అప్పుడు నేను మైకు అన్నయ్యకి ఇమ్మన్నాను.

"అన్నయ్యా, నువ్వూ ఒక తేదీ అడుగు."

"నాకేం తేదీలు గుర్తుంటాయమ్మా," అన్నాడు నవ్వుతూ.

"నాన్న పోయిన తేదీ గుర్తుందిగా. అదే అడుగు."

నవ్వు ఆగిపోయింది. మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని, "పదిహేను, సెప్టెంబరు, ఎనభై ఏడు," అన్నాడు.

"మంగళవారం."

సభ నడిపించే మాజీ టైమ్ కీపరు హుషారుగా, "కరెక్టేనా అండీ?" అని అడిగాడు. అన్నయ్య నా కళ్లలోకి సూటిగా చూశాడు.

"కాదు. ఆదివారం," అన్నాడు.

హాల్లో అయ్యో అన్నారు. పర్వాలేదు, ఈ వయసులో ఒక్క తప్పేగా అని ఎవరో నన్ను ఓదార్చారు. అంతలో వెనక వరసలోంచి ఒకాయన ఫోన్ పైకెత్తి, "మంగళవారమే! డైరెక్టరీయే రైటు! పెద్దాయన మర్చిపోయినట్టున్నారు!" అని అరిచాడు. హాలు దద్దరిల్లింది. నిలబడి కొట్టారు చప్పట్లు, ఈలలు కూడా వేశారు. నా జన్మలో అంత గౌరవం దక్కలేదు. అన్నయ్య మైకు చంకలో పెట్టుకుని తనూ చప్పట్లు కొట్టాడు.

భోజనాల వేళ చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర నా పక్కకి వచ్చాడు.

"తృప్తిగా ఉందా?"

"ఎందుకు చెయ్యలేదు ఫోను?"

"నాలుగేళ్లు," అన్నాడు. "కుట్టు మిషను పక్కనే ఆయన మంచం. నాలుగు కుట్లు వెయ్యడం, లేచి ఆయన్ని పక్కకి తిప్పడం, మళ్లీ కూర్చోవడం. పక్కగుడ్డలు ఉతికింది మీ వదిన. నువ్వు ఏడాదికోసారి వచ్చి కళ్లు తుడుచుకుని పోయేదానివి. ఆఖరి రెండు రోజులూ నాన్న ఒక్కసారైనా నన్ను పిలవలేదు. నిన్నే పిలిచాడు. నన్ను చూసి కూడా నిన్నే పిలిచాడు. షాపు దాకా వెళ్లాను, ఫోన్ ఎత్తాను కూడా. మళ్లీ పెట్టేశాను."

"మరి ఆదివారమని ఎందుకు రాశావు?"

"మీ ఆఫీసుకి సెలవు కదా. తప్పు ఎవరిదీ కాకుండా పోతుందని."

ఇరవై ఎనిమిదేళ్ల ఆదివారాల సంగతి అప్పుడు చెప్పాను. విని, కుళాయి కట్టేశాడు. "అది నాకెలా తెలుస్తుంది?" అన్నాడు. నిజమే, తెలియదు. అయినా కోపం చల్లారలేదు. కానీ ఆ కోపం కంటే పెద్దది ఇంకొకటి అడగాల్సి ఉంది.

"నన్ను పిలిచి నాన్న ఏమన్నాడు? నాకేమైనా చెప్పమన్నాడా?"

"చెప్పమన్నాడు."

"ఏమని?"

అన్నయ్య జేబురుమాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. చెబుతాడనే అనుకున్నాను.

"అది నేను చెప్పను," అన్నాడు. "నీదేనని నాకూ తెలుసు. అయినా నాలుగేళ్లకి నాకు మిగిలింది అదొక్కటే."

బతిమాలాను. అందరూ చూస్తుండగా చెయ్యి పట్టుకున్నాను. మెల్లగా విడిపించుకుని, భోజనం కూడా చెయ్యకుండా రైలు స్టేషనుకి వెళ్లిపోయాడు. అన్నయ్యకిప్పుడు డెబ్బై రెండేళ్లు, గుండె జబ్బు ఉంది. నెలకోసారి ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నాను. నా గొంతు వినగానే వదినకి ఇచ్చేస్తాడు.